మా అన్నయ్యను ‘సి’ మిషను మీద నుంచి దించండి

ఉద్దానంలో డయాలసిస్ రోగుల రక్తం మీద పరిశోధనకు వస్తున్న డాక్టర్లకు, శ్రీకాకుళం జిల్లా ఆరోగ్యశాఖ అధికారులకు,

నమస్కారం.

నాది కవిటి మండలం. మా అన్నయ్యకు 2021 నుంచి డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడుసార్లు తెల్లవారుజామున నాలుగున్నరకి బండి తీస్తాను. అన్నయ్యను వెనక కూచోబెట్టుకుని, చలికాలమైతే వదిన కప్పిన దుప్పటితో సహా, మొదటి షిఫ్టుకి అందేలా తీసుకెళ్తాను. సూదులు గుచ్చాక నాలుగు గంటలు బయట చెట్టుకింద కూచుంటాను. నాలాంటివాళ్ళు అక్కడ పదిమందికి తక్కువ ఉండరు. భర్తల కోసం వచ్చిన ఆడవాళ్ళు, కొడుకుల కోసం వచ్చిన ముసలి తల్లులు. ఎవరి క్రియాటినిన్ (కిడ్నీ ఎంత చెడిందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతకి చేరింది, ఎవరి ఫిస్టులా (సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసి చేతిలో కలిపిన రక్తనాళం) మూసుకుపోయింది, ఏ పరీక్ష ఎక్కడ చేస్తారు, అన్నీ అక్కడే మాట్లాడుకుంటాం. ఈ ఉత్తరంలో రాసేది ఆ చెట్టుకింద తెలుసుకున్నదీ, ఆ తర్వాత చదివి, డాక్టర్లను అడిగి సరిచూసుకున్నదీ.

ఈమధ్య ఒక ఉదయం ఇద్దరు కుర్ర డాక్టర్లు హాల్లోకి వచ్చారు. డయాలసిస్ రోగుల్లో హెపటైటిస్ సి (రక్తం ద్వారా అంటుకుని లివర్‌ను పాడుచేసే వైరస్ జబ్బు), హెచ్‌ఐవీ ఎంతమందికి ఉన్నాయో చూసే పరిశోధన అని చెప్పి, కాగితం మీద సంతకాలు తీసుకుని, ఒక్కొక్కరి దగ్గర ఒక గొట్టం రక్తం పట్టుకున్నారు. మా అన్నయ్య పడుకునే అడిగాడు. “బావూ, ఈ రిపోర్టు నాకు సూపిస్తారా?”

ఆ అబ్బాయి మర్యాదగానే జవాబిచ్చాడు. “ఇది స్టడీ కోసమండీ. పేర్లుండవు. ఎవరికీ రిపోర్టు రాదు.”

అన్నయ్య ఇంకేమీ అనలేదు. చెయ్యి ఎలాగూ చాపే ఉంది, ఇచ్చేశాడు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి పైనుంచి చెప్పినట్టే చేశాడు. కానీ ఆ ప్రశ్న వేసిన మనిషికి హెపటైటిస్ సి వచ్చింది, మందులు వాడాడు, తగ్గిపోయింది. తగ్గి ఏడాది దాటినా ఈరోజుకీ ‘సి’ మిషను మీదే, అంటే హెపటైటిస్ సి ఉన్నవాళ్ళకని విడిగా పెట్టిన డయాలసిస్ మిషను మీదే పడుకుంటున్నాడు. అందుకే ఈ ఉత్తరం.

ఉద్దానానికి పరిశోధన కొత్తకాదు. మా నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, మూత్రం, రక్తం పట్టుకెళ్ళారు. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చడానికి దేశంలోంచీ బయటి దేశాల్లోంచీ ఎందరో వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ మావాళ్ళు కొబ్బరినీళ్ళిచ్చి మరీ చెయ్యి చాపారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్ళు వచ్చాయి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి నెలకి 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఇవేవీ తక్కువ చేసి మాట్లాడను. పదిహేనేళ్ళ కిందట మా పెదనాన్నను డయాలసిస్ కోసం విశాఖ తిప్పలేక ఇంట్లోనే పోగొట్టుకున్నాం. ఇప్పుడు మిషను దగ్గరికొచ్చింది కాబట్టే అన్నయ్య ఉన్నాడు.

అయితే మిషను ప్రాణం నిలబెట్టడంతోబాటు ఇంకో దారి కూడా తెరుస్తుంది. ఒకసారికి రెండు సూదులు, వారానికి మూడుసార్లు. ఏడాదికి 312 సూదులు. నిమిషానికి 250 మిల్లీలీటర్ల చొప్పున లెక్కేసినా నాలుగు గంటల్లో 60 లీటర్ల రక్తం గొట్టాల్లోంచి వెళ్ళి వస్తుంది. ఒంట్లో ఉన్న అయిదు లీటర్లే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఇంత రక్తం బయటికొచ్చే చోట ఒక్క చుక్క ఒకరి నుంచి ఇంకొకరికి చేరడానికి పెద్ద తప్పు అక్కర్లేదు. గ్లవ్స్ మార్చకుండా పక్క మంచం దగ్గరికి వెళ్తే చాలు. వాడిన సిరంజితో మళ్ళీ హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) సీసాలోంచి మందు లాగితే చాలు, ఆ సీసా మరో అయిదుగురికి వెళ్తుంది. హెపటైటిస్ సి వైరస్ ఎండిన రక్తపు మరకలో మామూలు గది వేడిలో వారాల తరబడి బతకగలదు. సూదులు తీశాక రక్తం ఆగేదాకా దూది నొక్కిపట్టేది చాలాసార్లు మేమే, తోడొచ్చినవాళ్ళం. మూడేళ్ళు నేను వట్టి చేత్తోనే పట్టాను. గ్లవ్స్ వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

అన్నయ్య విషయానికొస్తాను. డయాలసిస్ మొదలుపెట్టే ముందు చేసిన పరీక్షల్లో హెచ్‌ఐవీ లేదు, హెపటైటిస్ బి లేదు, సి లేదు. ఆ కాగితం నా దగ్గర ఉంది. 2023లో ఒక సోమవారం మేం వెళ్ళేసరికి ఎప్పుడూ పడుకునే మంచం దగ్గర ఇంకొకాయన ఉన్నాడు. అన్నయ్యను మూలనున్న మిషను దగ్గరికి వెళ్ళమన్నారు. ఎందుకని అడిగితే హాలు ఆ చివరి నుంచి ఈ చివరికి వినపడేలా చెప్పారు: “మీకు సి పాజిటివ్ వచ్చింది, ఇకనుంచి అదే మీది.” ఆ సెంటరు పేరు నేను రాయను. ఆ మాట అన్న మనిషి పేరూ రాయను. రాసి ఒకరిని బదిలీ చేయించడం నా ఉద్దేశం కాదు.

ఆ రోజు అన్నయ్యకి సి పాజిటివ్ అంటే ఏమిటో తెలీదు. నాకూ తెలీదు. చెట్టుకింద ఒకావిడ, “అదీ ఎయిడ్స్ లాటిదే కదేటి?” అంది. మధ్యాహ్నానికి ఆ మాట మా ఊరు చేరింది. వదిన గ్లాసులు వేరుచేయలేదు గాని పక్కింటివాళ్ళు పిల్లల్ని మా గుమ్మంలోకి రానివ్వడం మానేశారు. మా హాల్లో ‘బి పాజిటివ్’ అన్న మాటకి రెండర్థాలున్నాయి. ఒక పెద్దాయన తన రక్తం గ్రూపు బి పాజిటివ్ అని చెప్పుకుంటుంటే పక్కనున్నాయన కుర్చీ జరుపుకోవడం నేను కళ్ళారా చూశాను. రోగం గురించి మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పేవాళ్ళు లేకపోతే ఇలాగే ఉంటుంది.

మంచం మార్చడానికి ఒక్క రోజు పట్టింది. అసలు వైరస్ ఉందో లేదో తేల్చే పరీక్షకి దాదాపు మూడు నెలలు పట్టింది. ఇక్కడే మీ పరిశోధనకి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. మీకు తెలిసిందే అయినా, అది మా బతుకుల్లోకి ఎలా వస్తుందో చెబుతాను.

మొదట చేసే కార్డు పరీక్ష, ఎలైజా పరీక్ష చూసేది యాంటీబాడీని. అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని శరీరం పెట్టుకున్న గుర్తు. వైరస్ ఇప్పుడు ఉందా అనేది, నేరుగా వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెప్పాలి. హెపటైటిస్ సి సోకినవాళ్ళలో నూటికి 15 నుంచి 45 మందికి ఆరు నెలల్లోపు దానంతటదే పోతుంది. వాళ్ళకీ కార్డు మీద గీత వస్తుంది. మందులు వాడి నయమైనవాళ్ళకీ వస్తుంది, ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది. ఇది ఒకవైపు. రెండోవైపు, వైరస్ సోకాక యాంటీబాడీ కనపడడానికి రెండు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆర్‌ఎన్‌ఏ ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది. పైగా కిడ్నీలు చెడి ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గినవాళ్ళలో కొందరికి యాంటీబాడీ సరిగ్గా తయారే కాదు. కార్డు నెగెటివ్, లోపల వైరస్ ఉంటుంది. ఎస్‌జీపీటీ అనే లివర్ పరీక్ష చూసి లివర్ బాగుందనుకుందామా అంటే డయాలసిస్ రోగుల్లో అది మామూలుగానే తక్కువ చూపిస్తుంది. అంచేత కార్డు పరీక్ష ఒక్కటే చేసి మీరు రాసుకునే అంకె రెండు వైపులా తప్పుతుంది. నయమైనవాళ్ళను రోగుల్లో కలుపుతుంది, రోగుల్ని ఆరోగ్యవంతుల్లో కలుపుతుంది. మీ పట్టికలో అది ఒక శాతం అటూ ఇటూ కావచ్చు. మా హాల్లో అది ఎవరు ఏ మంచం మీద పడుకోవాలన్న విషయం.

అన్నయ్యకి ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరల్ లోడ్ వచ్చింది, అంటే రక్తంలో వైరస్ ఉందని తేలింది. మా ఊరి నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్లకి పైమాటే. నమూనా అక్కడికి వెళ్ళి, రిపోర్టు తిరిగొచ్చి, ఫైలు ఒక గది నుంచి ఇంకో గదికి చేరేదాకా నేను తిరిగాను. కానీ మందు మొదలయ్యాక మాత్రం జరిగింది చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. సోఫోస్బువిర్, డక్లటాస్విర్. పాత మందుల్లాగా సూదులు లేవు, జుట్టు రాలడం లేదు, 12 వారాలు రోజూ మాత్రలు. లివర్ ముదిరిపోని వాళ్ళలో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. ఈ సోఫోస్బువిర్ 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్క మాత్ర 1,000 డాలర్లు, మొత్తం 84,000 డాలర్లు. మరుసటి ఏడాది మన దేశపు కంపెనీలకి తయారుచేసే అనుమతి దొరికింది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షా ఉచితం, మందూ ఉచితం. కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళకి ఈ మందు ఇవ్వొచ్చా అని మొదట్లో డాక్టర్లు వెనకాడేవారట. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ డయాలసిస్ వాళ్ళకీ ఇవ్వొచ్చని తేల్చింది. అంటే మా అన్నయ్యకి ఈ జబ్బు అయిదారేళ్ళు ముందొచ్చుంటే కథ వేరు. వైరస్‌ను 1989లో గుర్తించారు, పావు శతాబ్దంలో దానికి మందు దొరికింది, వైరస్‌ను కనిపెట్టిన ముగ్గురికి 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. అంత పెద్ద పని కవిటి మండలంలోని ఒక కొబ్బరి రైతు దాకా వచ్చింది. సైన్సంటే నాకు గౌరవం. ఆ గౌరవంతోనే ఇదంతా రాస్తున్నాను.

మాత్రలయ్యాక మరో 12 వారాలాగి మళ్ళీ ఆర్‌ఎన్‌ఏ చేశారు. వైరస్ లేదు. డాక్టరు గారు నయమైందని అన్నయ్య భుజం తట్టారు. వదిన ఆ సాయంత్రం పనసపొట్టు కూర వండింది.

సోమవారం వెళ్ళాం. మళ్ళీ ‘సి’ మిషనే.

కాగితం చూపించాను. “యాంటీబాడీ పాజిటివే కదా, రిజిస్టర్లో అలాగే ఉంటుంది” అన్నారు. రిజిస్టర్లో పాజిటివ్, నెగెటివ్ అని రెండే గళ్ళు. నయమైనవాడికి గడి లేదు. ఇదొక చిన్న కాగితం తగువు అనుకోకండి. హెపటైటిస్ సి ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన మళ్ళీ రాకుండా ఉండదు, దానికి టీకా కూడా లేదు. నయమైన మనిషిని తీసుకెళ్ళి వైరస్ ఉన్నవాళ్ళ మధ్య పడుకోబెడుతున్నాం. డయాలసిస్‌లో హెపటైటిస్ సి గురించి కిడ్నీ డాక్టర్ల అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ రాసిన మార్గదర్శకాలు అసలు వేరే మిషనే అక్కర్లేదంటాయి. వేరే మిషను, వేరే గది కావలసింది హెపటైటిస్ బికి. సి ఆగేది చేతులు కడుక్కోవడంతో, మనిషి మనిషికీ గ్లవ్స్ మార్చడంతో, మిషను పైభాగం తుడవడంతో, మందు సీసాలు మంచాల మధ్య తిప్పకుండా ఉండడంతో. నయమైనవాళ్ళకి ఆరు నెలలకోసారి ఆర్‌ఎన్‌ఏ చేసి మళ్ళీ వచ్చిందేమో చూడాలని కూడా అందులోనే ఉంది. వేరే మిషను పెట్టారు కదా అన్న ధీమాతో మిగతా జాగ్రత్తలు సడలిపోతే అదే పెద్ద ప్రమాదం.

హెచ్‌ఐవీ సంగతికి వస్తాను. దాని గురించి మా చెట్టుకింద గొంతు తగ్గించి మాట్లాడతారు.

మందు మొదలుపెట్టే ముందు అన్నయ్యకి హెచ్‌ఐవీ పరీక్ష మళ్ళీ చేయించమన్నారు. ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి సలహా చెప్పే ప్రభుత్వ కేంద్రానికి వెళ్ళాం. అక్కడి కౌన్సెలర్ అన్నయ్యను గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఏ పరీక్ష, ఎందుకు, వస్తే ఏం చేస్తాం, రాకపోతే ఏం చేస్తాం అన్నీ చెప్పారు. ఒప్పుకుంటున్నట్టు సంతకం తీసుకున్నారు. ఫలితం కూడా తలుపు వేసే చెప్పారు. నన్ను లోపలికి రానివ్వలేదు, తమ్ముణ్ణి అన్నా సరే. అన్నయ్య బయటికొచ్చి, “లేదట్రా” అని, కాసేపాగి, “ఇంత మర్యాదగా నాకెవరూ ఏ రోగం గురించీ సెప్పలేదురా” అన్నాడు.

ఆ మర్యాద ఊరికే రాలేదు. 1986లో చెన్నైలో మొదటి కేసులు బయటపడినప్పటి నుంచి దేశం ఎన్నో అవమానాలు, ఎన్నో చావులు చూసి నేర్చుకుంది. 2004 నుంచి మందులు ఉచితం. 2017లో చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు అని అందులో ఉంది. 1097కి ఫోన్ చేస్తే తెలుగులో జవాబు చెప్తారు. హెచ్‌ఐవీని పూర్తిగా తీసేసే మందు ఇంకా మామూలు జనానికి లేదు గాని, మనిషిని పట్టుకుని నడిపించే దారి ఉంది. హెపటైటిస్ సిని 12 వారాల్లో తీసేసే మందు ఉంది గాని, మా డయాలసిస్ హాల్లో ఆ దారి లేదు. తలుపు వేసి మాట్లాడే మనిషి లేడు. ఈ రెండు జబ్బుల్నీ ఒకే పరిశోధనలో పెట్టారు కాబట్టి అడుగుతున్నాను: హెచ్‌ఐవీకి ఉన్న గది, కౌన్సెలర్, సంతకం, వెంటబడి చూసుకోవడం, ఇవన్నీ హెపటైటిస్ సికి కూడా అదే గదిలో ఎందుకు ఇవ్వకూడదు?

దీని వెనక ఇంకో మనిషి ఉంది. మత్స్యకార కుటుంబం. భర్త ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద ఉండేవాడు, ఇప్పుడు లేడు. ఆమెకి డయాలసిస్ మొదలుపెట్టే ముందు పరీక్షలో హెచ్‌ఐవీ తేలింది. వెళ్ళిన చోట మిషను ఖాళీ లేదన్నారు. ఆ పక్కవారమే వేరేవాళ్ళకి ఖాళీ దొరికింది. చివరికి చాలా దూరం వెళ్ళి చేయించుకుంటోంది. చట్టం ప్రకారం అలా పంపకూడదు. వైద్యం ప్రకారం కూడా అక్కర్లేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి ప్రత్యేకమైన మిషను పెట్టాల్సిన పనిలేదు, అందరికీ పాటించే జాగ్రత్తలే చాలు. ఆ తల్లి మీ లెక్కలోకి రాదు. మీరు వచ్చిన ఉదయం ఆమె మా హాల్లో లేదు. ఎవరు హాలు దాకా రాలేకపోయారో కూడా మీ పరిశోధనలో ఉండాలని అడుగుతున్నాను.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ కలిపి చూడడంలో నాకు కనపడే గొప్ప ఉపయోగం ఇంకోటుంది. కాంబోడియాలో రోకా అనే పల్లెటూళ్ళో 2014 చివర్లో ఉన్నట్టుండి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి. రెండొందల మందికి పైగా. ముసలివాళ్ళు, పసిపిల్లలు కూడా. వాళ్ళలో ఎక్కువమందికి హెపటైటిస్ సి కూడా ఉంది. సి ప్రధానంగా రక్తం ద్వారా, సూది ద్వారా పాకే వైరస్. అలాంటిది హెచ్‌ఐవీతో కలిసి అంతమందిలో ఉందంటే దారి సూదేనని తేటతెల్లమైంది. లైసెన్సు లేని ఒక వైద్యుడు సూదులు మార్చకుండా వాడడమే కారణమని తేలింది. మన దేశంలోనే ఉత్తరప్రదేశ్‌లోని బాంగర్‌మావులో 2018లో ఇలాంటిదే బయటపడింది. ఒక ఊళ్ళో హెచ్‌ఐవీ వస్తే ముందు మనిషి నడవడిక మీద వేలు చూపిస్తారు. ఎలా వచ్చినా వైద్యం ఒకటే, మర్యాద ఒకటే అని నేను నమ్ముతాను. కానీ దారి సూది అయినప్పుడు దాన్ని కనిపెట్టకుండా వదిలేస్తే అదే సూది ఇంకొకరికి గుచ్చుకుంటుంది.

మావైపు సూది అంటే ఎంత ఇష్టమో మీకు తెలుసు. ఒళ్ళునొప్పులకి సూది, జ్వరానికి సూది, నీరసానికి సెలైను. మాత్ర ఇచ్చే డాక్టరుకన్నా సూది వేసే డాక్టరు మంచివాడు. నా చిన్నప్పుడు మా ఊరికి సైకిలు మీద వచ్చే ఆయన స్టీలు డబ్బాలో ఒకే గాజు సిరంజి కిరసనాయిలు స్టవ్వు మీద మరిగించి వీధిలో పిల్లలందరికీ వేసేవాడు. నీళ్ళు ఎంతసేపు మరిగాయో ఎవరూ చూడలేదు. ఇప్పుడు ప్లాస్టిక్ సిరంజిలు వచ్చాయి. అయినా ప్యాకెట్టు మన ముందే చించమని అడగడానికి మావాళ్ళకి మొహమాటం. కిడ్నీ జబ్బు ముదిరే ముందు ఏళ్ళ తరబడి నొప్పులకి ఇలా సూదులు పొడిపించుకోనివాళ్ళు మా హాల్లో లేరనే చెప్పాలి.

మరి అన్నయ్యకి ఎక్కడ వచ్చింది? 2021లో లేదు. 2023లో ఉంది. ఈ మధ్యలో మూడు చోట్ల డయాలసిస్ చేయించుకున్నాడు, అందులో ఒకటి బరంపురంలో, తుపాను రోజుల్లో రోడ్డు మూసుకుపోయినప్పుడు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఫిస్టులా ఆపరేషను అయింది. ఊళ్ళో సూదులు సరేసరి. రక్తనిధుల్లో 2001 నుంచి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి. అయినా యాంటీబాడీ రాని తొలిరోజుల్లో ఇచ్చిన రక్తం దాన్ని దాటిపోవచ్చు. ఇన్ని తలుపులున్నాయి. ఏ తలుపో నేను తేల్చలేను. తేల్చగలిగింది మీరే.

కానీ ఒక్క ఉదయం వచ్చి ఒక్క గొట్టం రక్తం పట్టుకెళ్తే తేలదు. ఎంతమందికి ఉందో చెప్పగలరు, ఎక్కడ వచ్చిందో చెప్పలేరు. కొత్తగా చేరిన ప్రతి మనిషికీ చేరిన రోజే యాంటీబాడీతోబాటు ఆర్‌ఎన్‌ఏ చేయాలి. అక్కడి నుంచి ఆరు నెలలకోసారి మళ్ళీ చేయాలి. వైరస్ లేనివాడికి అది ఏ నెలలో వచ్చిందో అప్పుడు కనపడుతుంది. ఆ నెల ఏ మంచం, ఏ షిఫ్టు, ఏ సీసా, ఊళ్ళో ఏ సూది, ఏ రక్తం అని వెనక్కి వెళ్ళొచ్చు. ఒకే హాల్లో ఇద్దరికి కొత్తగా వస్తే రెండు వైరస్‌ల జన్యువులు పోల్చి ఒకదాన్నుంచి ఇంకోటి వచ్చిందో లేదో చూసే పద్ధతి మీ దగ్గర ఉంది. ఇంకో చోట డయాలసిస్ చేయించుకుని తిరిగొచ్చినవాళ్ళకి వెంటనే మళ్ళీ చేయాలి. రోగి చేతిలో ఒక పుస్తకం ఉండాలి, పసిపిల్లల టీకా కార్డులాంటిది, బరంపురం వెళ్ళినా విశాఖ వెళ్ళినా వెంట ఉండేలా.

దీనికి సెంటర్లు భయపడతాయని నాకు తెలుసు. మా దగ్గరే వచ్చిందని తేలితే ఎవరి ఉద్యోగం పోతుందోనని. ఆ భయం తీర్చాల్సింది అధికారులు. మా టెక్నీషియన్లను రోజూ చూస్తాను. ఒకరి మిషను అలారం కొడుతుంటే, ఇంకొకరి బీపీ పడిపోతుంటే, మూడో మనిషికి సూదులు తీసే టైమవుతుంది. అప్పుడు గ్లవ్స్ మార్చుకోవడానికి పట్టే అర నిమిషం కూడా వాళ్ళకి దొరకదు. ఒక అమ్మాయికి వాడిన సూది వేలికి గుచ్చుకుంటే ఆమె ఏడుస్తూనే మిగతా షిఫ్టు పూర్తిచేసింది. ఆమెకి ఆ రోజు ఎవరు పరీక్ష చేయించారో నేను అడగలేకపోయాను. హెచ్‌ఐవీ ప్రమాదం ఉన్నప్పుడు 72 గంటల్లోపు మందు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. హెపటైటిస్ సికి అలా ముందే ఆపే మందు లేదు, ఎప్పటికప్పుడు పరీక్ష చేసుకుంటూ చూడాలి. స్టాఫ్ రక్తం కూడా వాళ్ళిష్టంతో మీ పరిశోధనలో కలపండి. ఒక్కో షిఫ్టుకి ఎంతమంది రోగులకి ఎంతమంది మనుషులున్నారో కూడా లెక్కపెట్టండి. కొత్త కేసుల పక్కన ఆ లెక్క పెట్టి చూస్తే ఎవరినీ తిట్టకుండానే కారణం కనపడొచ్చు.

మీలో కొందరు అనొచ్చు, పేర్లు లేకుండా సర్వే చేయడానికి చట్టమే వీలిచ్చిందని. ఇచ్చింది, చదివాను. బస్టాండులో, సంతలో ఎదురైన మనిషి అయితే మళ్ళీ దొరకడు కాబట్టి ఆ పద్ధతి అర్థమవుతుంది. మావాళ్ళు ఎక్కడికీ పోరు. సోమ, బుధ, శుక్రవారాలు అదే హాల్లో, అదే షిఫ్టులో ఉంటారు. ఆ గొట్టంలో ఒకరికి వైరస్ ఉందని మీ ల్యాబులో తేలి, ఆ మనిషి వారానికి మూడుసార్లు మీకు తెలిసిన మంచం మీదే పడుకుని ఉండి, 12 వారాల మందు ప్రభుత్వం దగ్గర ఉచితంగా ఉండి, అతనికి చెప్పకపోవడం న్యాయమా? పరిశోధనలో తేలిన సంగతి ఆ మనిషి ఆరోగ్యానికి పనికొచ్చేదైతే అతనికి తెలియజేయాలన్న ఆలోచన జాతీయ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. పేర్లు మీ పుస్తకంలో అచ్చువేయొద్దు. గొట్టం మీద ఒక నంబరు, అదే నంబరు రోగి చేతిలో ఒక చీటీ మీద ఉంటే సరిపోతుంది. తెలుసుకోవాలనుకున్నవాళ్ళు చీటీ తెచ్చుకుని తలుపు వేసిన గదిలో తెలుసుకుంటారు. వద్దనుకున్నవాళ్ళు వద్దంటారు.

ఈజిప్టు సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. నత్తల వల్ల వచ్చే జబ్బుకని అక్కడి ప్రభుత్వం 1950ల నుంచి 80ల దాకా ఊరూరా సూదులు వేయించింది. సూదులు సరిగ్గా శుభ్రం చేయకపోవడంతో లక్షల మందికి హెపటైటిస్ సి అంటుకుంది. ఆ సంగతిని తేల్చి బయటపెట్టింది పరిశోధకులే. ఆ దేశం దాన్ని దాచుకోలేదు. 2018లో మొదలుపెట్టి ఏడు నెలల్లో దాదాపు అయిదు కోట్ల మందికి పరీక్ష చేసి, ఉన్నవాళ్ళకి అక్కడే మందు చేతిలో పెట్టింది. మన దేశంలో పంజాబ్ 2016లోనే జిల్లా ఆసుపత్రుల్లో ఈ మందు ఉచితంగా మొదలుపెట్టింది. మా డయాలసిస్ హాళ్ళన్నీ కలిపినా వాళ్ళ లెక్కలో ఒక వీధికి సరిపోం. జిల్లా కేంద్రానికో పలాసకో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష క్రమం తప్పకుండా దగ్గరపడితే, నమూనా విశాఖ వెళ్ళొచ్చే మూడు నెలలు మూడు రోజులవుతాయి.

అధికారులను విడిగా ఒకటడుగుతున్నాను. దీనికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు, పరిశోధన పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. డయాలసిస్ రిజిస్టర్లో మూడో గడి గీయించండి. ‘నయమైంది, ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్’ అని, పక్కన తేదీ. ఆ గడిలో ఉన్నవాళ్ళను వైరస్ లేనివాళ్ళతో కలిపి పడుకోబెట్టమని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఫలితం హాల్లో చదవకూడదని కూడా అందులో ఒక లైను రాయండి.

అన్నయ్య వైరల్ లోడ్ కాగితం నా బండి డిక్కీలో ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది, వానకి తడవకుండా. మూడు జిరాక్సులు కూడా తీసి పెట్టాను. సోమవారం తెల్లవారుజామున అయిదున్నరకల్లా మేం హాలు దగ్గరుంటాం. మీ కుర్ర డాక్టర్లు మళ్ళీ వస్తే చెట్టుకింద నన్ను అడగమనండి, లోపలికి తీసుకెళ్ళి అన్నయ్యను చూపిస్తాను. తలుపు నుంచి ఎడమవైపు, ఆ మూల మిషను.

ఇట్లు,
కవిటి మండలం నుంచి ఒక డయాలసిస్ రోగి తమ్ముడు